పాతబడిన పెద్ద ట్రాక్టరును పరీక్షించి నిర్ణయించు విధము

యాభై అశ్వశక్తికి మించిన పెద్ద ట్రాక్టరును కొని పదునైదు, ఇరువది సంవత్సరములు దాటిన రైతులు తొలకరికి ముందు ప్రతియేడును ఒక్క ప్రశ్ననే ఎదుర్కొనుచుందురు. బండిని మరమ్మతు చేయించి మఱికొంతకాలము నడుపుకొనుటయా, లేక అప్పు చేసియైనను క్రొత్తదానిని కొనుటయా? పొరుగువాడు క్రొత్తది తెచ్చెనని మంచి బండిని అగ్గువకు అమ్మివేయువారు కొందఱు కలరు. తండ్రి కొన్న బండి యని దానిపై ఏటేట పోయు రూకలను లెక్కపెట్టనివారు మఱికొందఱు. ఇరువురును నష్టపోవుచున్నారు, రెండవవారి నష్టము కొంచెము కొంచెముగా పోవుటచే కంటికి కనబడదు.

ట్రాక్టరు ఎన్నియేండ్లదని అడుగుట కంటె మూడు సంగతులు తెలిసికొనుట మేలు. దాని పెద్ద ఇనుపభాగములు చెక్కుచెదరక యున్నవా? విడిభాగములు దొరకుచున్నవా? ఇకమీదట ఏడాదికి ఎన్ని గంటల పని దానితో చేయింపదలచితిరి? ఈ మూటిలో కడపటిదానిని సామాన్యముగా ఎవరును అడుగరు. తీర్పు మాత్రము ఎక్కువగా దానిమీదనే ఆధారపడియున్నది.

గంటల మీటరును నమ్మరాదు

ఖర్చుల లెక్క కట్టువారు సాధారణముగా ట్రాక్టరునకు పది సంవత్సరములు, 10,000 గంటలు ఆయువని యెంచుదురు. అది లెక్క సౌకర్యమునకై పెట్టుకొన్న కొలతయే గాని, ఆ గంట కొట్టగనే బండి చచ్చునని కాదు. సొంత భూమి మాత్రమే దున్నుకొను రైతు బండి ఏడాదికి 1,000 గంటలు నడుచుట అరుదు. కిరాయికి తిరుగు బండి అంతకు మించియు నడువవచ్చును. కావున ఒకే సంవత్సరమున కొన్న రెండు బండ్లలో ఒకటి నడివయస్సులోను, మఱియొకటి ముదిమిలోను ఉండవచ్చును.

పాత బండ్లలోని గంటల మీటరు ఇంజను తిరుగుడుతో నడుచు యంత్రము. ఇంజను తన నిర్ణీత వేగమున తిరిగినప్పుడే అది గంటకు గంట చూపును; మెల్లగా తిరిగినప్పుడు తక్కువ చూపును. పైగా దాని తీగ తెగిపోయి యేండ్లు గడచిన బండ్లు ఎన్నియో కలవు. మీటరు కంటె ఇనుమే మంచి సాక్షి. క్లచ్చి, బ్రేకు తొక్కుడుపలకలు నున్నగా అరిగినవా, ట్రాలీ తగిలించు రంధ్రము గుండ్రదనము పోయి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చినదా, పి.టి.ఓ. షాఫ్టు పండ్లు కత్తివాదరవలె సన్నబడినవా, లిఫ్టు చేతుల గుండ్లు గూళ్ళలో ఆడుచున్నవా అని చూడవలెను. రంగు వేయించుటకు ఒకదినము చాలును. వీనిని మార్చుటకు ఎవరును శ్రమపడరు.

చల్లని ఇంజనును తెల్లవారి చూడవలెను

పరీక్షకు ముందురాత్రి నుండి బండిని కదలింపరాదు. వెచ్చనైన ఇంజను తన లోపములను సగము దాచుకొనును. అమ్మువాడు మనము పోవుసరికే బండిని నడిపి వెచ్చచేసి యుంచిన, ఆ పరీక్షను మఱునాటికి వాయిదా వేసికొనుటయే మంచిది. సొంత బండియైనను ఇదే నియమము.

మొదట ఆయిలు కొలతపుల్లను తీసి చూడవలెను. ఆయిలు నల్లగా నుండుట దోషము కాదు. పాలు కలిపిన టీవలె నున్నచో నీరు చేరినదని యర్థము. పోసినదానికంటె మట్టము పెరిగియున్నచో, వాసన చూచిన డీజిలు కలసినదో లేదో తెలియును. డీజిలు కలసిన ఆయిలు పలుచబడి బేరింగులను తినివేయును. పిమ్మట రేడియేటరు మూత తీయవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడే దీనిని తీయవలెను. వేడిమీద తీసి ముఖము కాల్చుకొన్నవారు ప్రతి యూరను కలరు. నీటిపై నూనె తెట్టె కట్టియున్నను, ఇంజను నడుపగనే ఎడతెగక బుడగలు వచ్చుచున్నను, హెడ్డు గ్యాస్కెటు పోయియుండుటయో, హెడ్డు పగిలియుండుటయో సంభవించును.

ఇక సెల్ఫు కొట్టి పొగను చూడవలెను. చలికి మొదట కొంచెము తెల్లపొగ వచ్చి నిమిషములో తగ్గుట సహజము. నీలిరంగు పొగ ఆగక వచ్చినచో ఆయిలు కాలుచున్నదన్నమాట. బరువు వేసినప్పుడు నల్లపొగ దట్టముగా వచ్చిన గాలి శుద్ధి చేయు గిన్నె మూసికొనియుండవచ్చును, నాజిళ్ళు పాడైయుండవచ్చును, లేదా ఎవరో డీజిలు పంపు సీలు విప్పి హెచ్చు డీజిలు పడునట్లు చేసియుండవచ్చును. ఈ కడపటి పని మన ప్రాంతమున బలము పెంచుట యను పేర జరుగుచున్నది. దానివలన కొన్ని నెలలు బండి ఎద్దువలె లాగును, తరువాత పిస్టనులు కరగును. సీలు తెగిన పంపు గల బండిని సందేహముతోనే చూడవలెను.

ఇంజను వేడెక్కిన పిదప ఆయిలు పోయు మూతను తీసి, అరచేతిని కొంచెము ఎడముగా నుంచవలెను. సన్నని ఆవిరి వచ్చినచో భయము లేదు. ఊదుగొట్టమునుండి వచ్చినట్లు కొట్టుకొనుచు పొగ వచ్చినచో రింగులు, బోరు అరిగినవి. ఇంజను బోరుకు వచ్చినదని మిస్త్రీలు చెప్పునది ఇదియే. మిస్త్రీ చేత ఒక్కొక్క సిలిండరు కంప్రెషనును గేజి పెట్టి చూపించుకొనవలెను. అన్నియు కొంచెము తగ్గి సమానముగా నుండుట అరుగుదల; మూడు బాగుండి ఒకటి పడిపోవుట జబ్బు. అరుగుదలకు గడువుండును, జబ్బునకు ఉండదు.

ఆయిలు ఎంత తాగుచున్నదో రైతు తానే కొలిచికొనవచ్చును. 100 లీటర్ల డీజిలు కాలునంతలో ఆయిలు ఒక లీటరు లోపల ఖర్చైనచో పాత ఇంజనుకు అది పర్వాలేదు. రెండు మూడు లీటర్లు పోసికొనుచున్నచో బోరు పని దగ్గరపడినది. చిక్కని ఆయిలు పోసి పొగను అణచుట జ్వరమునకు చలువగుడ్డ వేయుట వంటిది.

వెనుకభాగమే ప్రాణము

రైతులు ఇంజను చప్పుడును చూచి బండికి వెల కట్టుదురు. ఇంజను పనికి ఎంత ఖర్చగునో ముందే తెలిసికొనవచ్చును. బోరు, పిస్టనులు, బేరింగులు, హెడ్డు పని యని మిస్త్రీ చీటీ వ్రాసియీయగలడు. వెనుకభాగమున గేరుపెట్టె, క్రౌను పినియను, ఇరుసు, హౌసింగు చెడినచో విప్పిన దాక ఎంతకు తేలునో చెప్పజాలరు. పాత పెద్ద ట్రాక్టరులు యజమానిని ముంచునది సామాన్యముగా ఇక్కడనే.

తరి భూములలో దమ్ము చేసిన బండిని మఱింత జాగ్రత్తగా చూడవలెను. దమ్ముచక్రములు టైరునకు వెలుపల వ్రేలాడుటచే ఇరుసుపైనను, దాని బేరింగుపైనను వంపు బరువు పడును. బురదనీరు ఇరుసు సీలును దాటి లోనికి పోవును. బ్రేకులు తడిసి పట్టు వదలును, ఆయిలు వెలుపలికి కారును. వెనుకచక్రపు లోపలివైపున ఆయిలు చారలున్నవేమో కూర్చుండి చూడవలెను. దమ్ముచక్రములతోనే తారురోడ్డుపై ఊరికి తెచ్చు అలవాటు గల బండ్లకు ఈ జబ్బులు ముందుగా వచ్చును. రోడ్డు పాడగుట వేరు సంగతి.

గేరు ఆయిలులో నీరు చేరినదీ లేనిదీ సులువుగా తెలియును. బండిని ఒకరాత్రి కదల్చక యుంచి, తెల్లవారి అడుగు బిరడాను కొంచెము మాత్రము వదులు చేయవలెను. నీరు ఆయిలు కంటె బరువు గనుక అడుగున చేరి మొదట అదియే వచ్చును. తరువాత బిరడాకు అంటిన మడ్డిని వ్రేళ్ళతో నలిపి చూడవలెను. బూడిదవంటి మెత్తని పొడి అరుగుదల చిహ్నము. గోటికి తగులు పలుకులు, పొలుసులు ఉన్నచో లోపల పండ్లు విరుగుచున్నవి. అట్టి బండిని ఆ సంవత్సరము ట్రాలీ పనికి పంపరాదు.

బెల్ హౌసింగు ఇంజనుతో కలియుచోట, గేరుపెట్టె కీళ్ళవద్ద, మురికి గీకి వెలుతురులో చూడవలెను. వెల్డింగు మచ్చయో, ఒక్కచోట మాత్రమే క్రొత్త రంగో కనబడినచో పాతపగులు అక్కడ నున్నది. ముందు డోజరు పలక తగిలించి మట్టిపని చేసిన బండ్లకు ఇది తఱచు. పోత ఇనుమునకు వేసిన అతుకు దుక్కిలో కొన్నాళ్ళు నిలువవచ్చును, బరువు ట్రాలీతో ఎత్తు ఎక్కునప్పుడు నిలుచునని చెప్పుటకు వీలులేదు.

గేర్లను నేలపై నిలిపి చూచిన లాభము లేదు. ట్రాలీ తగిలించి నడుపుచు, బరువు లాగునప్పుడును, పల్లమున కాలు వదలినప్పుడును వేర్వేరుగా వినవలెను. లాగునప్పుడు మాత్రమే ఏడ్పువంటి ధ్వని వచ్చినచో క్రౌను పినియను కూర్పు చెడినది. పల్లమున గేరు తనంతట జారి న్యూట్రలులోనికి వచ్చుచున్నచో దానిని ప్రాణాపాయముగా నెంచవలెను. లివరును మోకాటితో అదిమిపట్టి నడుపు డ్రైవరు నేర్పరి కాడు, సాహసి. క్లచ్చిని చూచుటకు ఎదుట ఎవరును లేని చదునునేలపై చేతిబ్రేకు వేసి, పై గేరులో నుంచి మెల్లగా వదలవలెను. ఇంజను ఆగిపోయినచో పట్టు కలదు. బండి కదలకయే ఇంజను తిరుగుచున్నచో పలకలు అయిపోయినవి.

లిఫ్టు పరీక్ష చిన్నది. మీకున్న పనిముట్లలో మిక్కిలి బరువైన దానిని, ఆయిలు బాగుగా వేడెక్కిన పిదప పైకెత్తి ఇంజను ఆపవలెను. చూచుచుండగనే దిగినచో లోపలి సీళ్ళు పోయినవి. ఇంజను నడుచునప్పుడు ఎత్తిన పనిముట్టు క్షణక్షణము ఎక్కిళ్ళు పెట్టినట్లు ఎగురుచున్నను అదే కారణము. ఇది అంత భయపడవలసిన ఖర్చు కాదు. ముందు ఇరుసును జాకీపై ఎత్తి చక్రములను ఊపి, నడిమి పిన్నును స్పిండిళ్ళను చూచుటయు అట్టిదే. బుష్షులు మార్చిన సరిపోవును.

పొలములో కొలత

ఇంతవరకు చెప్పినది చూపు పరీక్ష. డీజిలు పరీక్ష లేనిదే తీర్పు చెప్పరాదు. బండిని చదునుచోట నిలిపి ట్యాంకును మూతివరకు నింపవలెను. రేగడిచేనైనను, చల్కచేనైనను, ఎప్పుడును దున్ను పొలములో, ఎప్పుడును వాడు రెక్కనాగలితో గాని గొర్రుతో గాని, ఒకే లోతున రెండు గంటలకు తక్కువగాక దున్ని, మఱల అదేచోట నిలిపి కొలతడబ్బాతో ట్యాంకును నింపవలెను. పట్టిన లీటర్లను, దున్నిన ఎకరములను, గడచిన కాలమును వ్రాసికొనవలెను.

ఆరోగ్యము గల డీజిలు ఇంజను పూర్తి బరువున ఒక అశ్వశక్తికి గంటకు సుమారు 180 గ్రాముల డీజిలు వాడును. ఆ లెక్కన 50 అశ్వశక్తి పూర్తిగా వాడినచో గంటకు 9 కిలోలు, అనగా సుమారు 11 లీటర్లు. పొలములో ఎడతెగక పూర్తి బరువుండదు గనుక ఖర్చు ఇంతకు చాల తక్కువగా నుండును. నేలనుబట్టి, లోతునుబట్టి మారును. అందుచే పుస్తకపు అంకె కంటె, అదే పొలములో అదే పనిముట్టుతో మంచి స్థితిలో నున్న మఱియొక బండిని నడిపి పోల్చుట నమ్మదగినది. మీ బండి గంటకు ఎంత హెచ్చుగా తాగుచున్నదో తెలిసిన, తరువాతి లెక్క తేలికయగును.

ఉంచుట లాభమా, మార్చుట లాభమా

ఈ క్రింది అంకెలు మాదిరికై అనుకొన్నవి. రైతు తన ఊరి ధరలను వాని స్థానమున వేసికొనవలెను.

పాత బండి నేటి వెల 2,00,000 రూపాయలు, నాలుగేండ్ల తరువాత 1,20,000 రూపాయలు పలుకుననుకొందము. ఏడాదికి తరుగు 20,000. సగటు వెల 1,60,000పై నూటికి 10 వంతున వడ్డీ 16,000. ఇప్పుడొక పెద్ద మరమ్మతు 1,20,000. నాలుగేండ్లకు పంచిన ఏటికి 30,000. ఈ మూడును కలిపి 66,000 రూపాయలు బండి నడచినను నడువకున్నను తప్పవు. చిల్లర మరమ్మతులు 400 గంటలకు 35,000. క్రొత్తదానికంటె గంటకు ఒక లీటరు హెచ్చు డీజిలు, లీటరు 100 రూపాయలనుకొన్న, 400 గంటలకు 40,000. మొత్తము 1,41,000 రూపాయలు.

క్రొత్త బండి వెల 9,00,000, పదేండ్లకు 90,000 మిగులుననుకొన్న ఏటి తరుగు 81,000. సగటు 4,95,000పై వడ్డీ 49,500. అనగా 1,30,500 రూపాయలు కదలకయే తప్పవు. చిల్లర ఖర్చు 400 గంటలకు 15,000. మొత్తము 1,45,500. రెండును ఇంచుమించు సమానము!

ఇప్పుడు గంటలను మార్చి చూడుడు. ఏడాదికి 200 గంటలే పని యున్నచో పాతదానికి 1,03,500, క్రొత్తదానికి 1,38,000. పాతదానిని ఉంచుకొనుటయే న్యాయము. 800 గంటలున్నచో పాతదానికి 2,16,000, క్రొత్తదానికి 1,60,500. అప్పుడు పాతబండిని ఉంచుకొన్నవాడు ఏటికి 55,500 రూపాయలను పొగగొట్టము గుండా వదలుచున్నాడు. ఒకే బండి, ఒకే జబ్బు; ఒక రైతునకు ఉంచదగినది, మఱియొకనికి విడువదగినది. కిరాయి పనులు మాని సొంత భూమికే పరిమితమైన రైతు వెనుకటి అలవాటుచొప్పున క్రొత్తబండికి అప్పు చేయుట తఱచు కనబడు పొరపాటు.

ఈ లెక్కలో చేరని ఖర్చు ఒకటి కలదు. కాలువనీరు వదలిన వారములో బండి ఆగినచో కూలీలు ఆగుదురు, నారు ముదురును. అద్దెకు మఱియొక బండి సులభముగా దొరకు ఊరిలో దీనికి విలువ తక్కువ. దొరకని ఊరిలో ఇదియే పెద్ద ఖర్చు. కావున వెనుకభాగము అనుమానముగా నున్న బండిని దమ్మునకు నమ్ముకొనక, నూర్పిడి, పంపు, తేలికదుక్కి పనులకు ఉంచి, దమ్మునకు అద్దెబండిని ముందుగా మాటాడుకొనుట మధ్యేమార్గము.

మరమ్మతు చేయింపదలచినచో ముక్కలుగా చేయింపరాదు. ఈ ఏడు రింగులు, మీదటి ఏడు హెడ్డు, ఆపై బేరింగులు అని మూడుమారులు విప్పించుకొన్నచో కూలి మూడింతలగును. విప్పిన తరువాత, సామాను కొనకముందు, అన్నిటికిని కలిపి వ్రాతమూలమగు అంచనా తీసికొనవలెను. అది పరీక్షకు ముందు బండి పలికిన వెలలో సగమును మించినచో ఆగి మఱల లెక్క చూడవలెను. ఇదివరకు పెట్టిన సొమ్మును ఈ లెక్కలోనికి తేరాదు, అది పోయినది.

విడిభాగముల సంగతి

హెచ్.ఎం.టి. సంస్థ 1971లో హర్యానాలోని పింజోరునందు చెకొస్లొవేకియా దేశపు జెటార్ నమూనాపై ట్రాక్టరుల నిర్మాణము నారంభించెను. వానిలో నాలుగు సిలిండర్ల 5911 బరువుపనులకు పేరుపొందినది. 2016 అక్టోబరులో కేంద్రమంత్రివర్గము ఆ ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు నిర్ణయించెను. కర్మాగారము మూతపడిన బండి అంతటితో పనికిమాలినది కాదు. రింగులు, బేరింగులు, సీళ్ళు, నాజిళ్ళు వంటి అరుగు సామానును ఇతరులు చేసి అమ్మగలరు. హౌసింగులు, హెడ్డు, గేర్లవంటి పోతసామానే చిక్కు. అవి విప్పిన పాతబండ్లనుండి వెదకి తేవలసివచ్చును. ఏ కంపెనీ బండియైనను మరమ్మతునకు ముందు ఈ పెద్ద సామాను ఏ అంగడిలో, ఎన్ని దినములలో దొరకునో స్వయముగా విచారింపవలెను. మిస్త్రీ మాటమీద విప్పించి, బండిని ఆరునెలలు కొట్టములో నుంచుకొన్నవారు కలరు.

అపాయము

రెండు బ్రేకు పెడళ్ళను కొండితో కలిపి, ఖాళీ రోడ్డుపై మెల్లగా పోవుచు ఒక్కసారి తొక్కి, రెండు వెనుకచక్రముల గుర్తులను చూడవలెను. అవి సమానముగా లేనిచో, బరువు ట్రాలీతో బండి ప్రక్కకు తిరుగును. బరువును ఎన్నడును డ్రాబారు కంటె పైన తగిలింపరాదు. ముందుచక్రములు లేచి బండి వెనుకకు తిరుగబడుటకు రెండు క్షణములు చాలును, దుముకుటకు వ్యవధి యుండదు. పాత బండ్లలో పెక్కింటికి డ్రైవరును కాపాడు ఇనుపచట్రము లేదు. స్వీడన్ దేశమున 1959 నుండి క్రొత్త ట్రాక్టరులకు ఈ చట్రమును నిర్బంధము చేసిన పిదప బోల్తాపడి చచ్చువారు మిక్కిలి తగ్గిరి. చట్రము లేని పెద్దబండిని చెరువుకట్టలపైనను, కాలువగట్లపైనను జీతగానిచేత నడిపించు రైతు, ఖర్చులెక్కకు ముందు ఈ సంగతి నాలోచింపవలెను. పి.టి.ఓ. షాఫ్టుపై కప్పు లేనిచో నూర్పిడికి ముందు దానిని తప్పక వేయింపవలెను. పంచెకొంగు, చీరచెరగు చిక్కుకొనుటకు అరక్షణము పట్టదు.

కాగితములను గూడ చూచుకొనవలెను. ట్రాక్టరు నమోదు 15 సంవత్సరములకు చెల్లును. పిదప బండిని తనిఖీ చేయించి 5 సంవత్సరములకొకమారు పొడిగించుకొనవలెను. ట్రాలీకి వేరు నమోదు కలదు. గడువు దాటిన బండి రోడ్డుమీద ఎవరినైనను తాకినచో ఆ నష్టము భూమిమీదికి వచ్చును. బండిని విప్పి చూచుట, పొలములో కొలుచుట స్వయముగా నేర్వగోరు రైతులును, వారి కుమారులును అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో విచారించి శిక్షణకు చేరవచ్చును.